మా ఇంట్లో మూడు ట్యూబులు

ముందే చెప్పేస్తాను, ఇది ప్రాణం తీసే జబ్బు కాదు. ఈ మాట ఈ ఏడాదిలో నాకు చాలామంది చెప్పారు. మందుల షాపాయన చెప్పాడు. పాత మిత్రులు చెప్పారు. రాజమండ్రి నుంచి మా బావమరిది ఫోన్‌లో నవ్వుతూ చెప్పాడు. ప్రాణం తీయదు గనక దాని గురించి మాట్లాడడమే మర్యాద కాదన్నట్టు, మాట్లాడినవాడు నవ్వులపాలు కావలసిందేనన్నట్టు చెప్పారు. నా కోపానికి మొదలు అదే.

ప్రాణం తీయదు, నిజమే. నిద్ర తీస్తుంది. నలుగురిలో కూర్చోనివ్వదు. ఒకే ఇంట్లో ఉన్న మనుషులను ఒకరికొకరు కనపడకుండా దాక్కునే దొంగలను చేస్తుంది. మా అమ్మాయి విషయంలో అయితే, చెప్పులరిగేలా తిరిగి సంపాదించుకున్న మొదటి వేషానికే ఎసరు పెట్టింది.

దాని పేరు తామర. చర్మం మీద ఫంగస్ పెరగడం వల్ల వస్తుంది. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో మామూలుగా కనిపిస్తుంది. రాయడానికి మూడక్షరాలు. ఆ మూడక్షరాలు పైకి అనడానికి మా ఇంట్లో ఒక వేసవి, సగం వానాకాలం గడిచిపోయాయి. ఇప్పుడు ముగ్గురికీ తగ్గింది, మచ్చలు మిగిలాయి. తగ్గింది కాబట్టే నింపాదిగా రాయగలుగుతున్నాను. కోపం మాత్రం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

ఏప్రిల్

నా ఉద్యోగమంతా ఒక దినపత్రికలో గడిచింది. మొదట సిటీ డెస్కు, తర్వాత సినిమా పేజీ. రిటైరయ్యాక కూడా ఫిల్మ్‌నగర్ వదల్లేదు. కారణం మా అమ్మాయి హారిక. నటి కావాలనుకుంది. మూడేళ్లుగా ఆడిషన్లకు తిరుగుతోంది. తెలిసినవాళ్లకు ఒక ఫోన్ చేస్తానంటే ఒప్పుకోలేదు. "మీరు ఫోన్ చేస్తే వేషం మీకొచ్చినట్టు నాన్నా, నాకు కాదు" అంది. ఏప్రిల్‌లో తన మొహంతో తనే తెచ్చుకుంది. హీరోయిన్ చెల్లెలి పాత్ర, సినిమా పొడుగునా ఉంటుంది, షూటింగ్ సెప్టెంబర్‌లో. మా ఆవిడ సుగుణ స్కూల్లో లెక్కలు చెప్తుంది. ఆనందం బయటపెట్టే మనిషి కాదు. ఆ రోజు మాత్రం స్టాఫ్‌రూమ్ అందరికీ కాజాలు పంచిపెట్టింది.

అదే నెలలో నాకూ ఒక వేషం వచ్చింది, అడగకుండానే. ఒకప్పుడు మా పత్రికకు వార్తలు రాసిన కుర్రాడు ఇప్పుడు దర్శకుడు. ఫోన్ చేశాడు. "గురువుగారూ, మీ మొహంలోనే తీర్పు ఉందండీ. జడ్జిగా అలా కూర్చోండి, చాలు."

కోర్టు సెట్టు. పైన రేకులు, మొహం మీద లైట్లు. మాటల రికార్డింగుకు అడ్డమని ఫ్యాన్లు ఆపేశారు. కాస్ట్యూమ్స్ చూసే మల్లేశ్ నల్లకోటు తెచ్చి నా భుజాల మీద వేశాడు. బరువుగా ఉంది. చంకల్లో తెల్లటి ఉప్పు చారలు. లోపలి బట్ట ఇంకా తడి ఆరలేదు.

"ఎవరిది బాబూ ఇది?" అన్నాను.

"అందర్ది సార్. ఈ కోట్ల కూసొని ఎంతమందికి ఉరిశిక్ష ఏసిండ్రో లెక్కలేదు."

"ఉతకరా?"

"ఉతుకుతే ఎట్ల సార్! నిన్న షాట్ల కాలర్ కాడ చెమట మరక పడ్డది. ఇయ్యాల గది లేకపోతే కంటిన్యుటీ పోతది, నన్ను తిడ్తరు. షెడ్యూల్ అయినంక దోభీకి ఏస్తం."

"నిన్న నేను రాలేదు కదయ్యా."

"మీ జాగల ఇంకొకాయన్ని కూసోపెట్టి ఎనకనుంచి తీసిండ్రు. ఆయన చెమట, మీ పేరు."

సినిమా చూసేవాళ్లకు ఇది తెలియకపోవచ్చు. తెర మీద ఒక పూటలో ముగిసే సన్నివేశాన్ని రోజుల తరబడి తీస్తారు. అన్ని రోజులూ మడత, మరక, దుమ్ము మారకూడదు. మారితే ప్రేక్షకుడు పట్టేస్తాడని భయం. అందుకే బట్టలు ఉతకరు. నాకు ఆ కోటన్నా కొన్నాళ్లపాటు ఒక్కడికే ఉంది. కోర్టులో జనంగా కూర్చునే జూనియర్ ఆర్టిస్టులకు ఆ భాగ్యం కూడా లేదు. వరండాలో ఒకరు విప్పిన షర్టు ఇంకొకరు తొడుక్కుంటున్నారు. ఒకతను షర్టు ముక్కుదగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఏందిరా వాసన జూస్తున్నవ్?" అని మల్లేశ్ అరిచాడు. "నీకంటే ముందు ఏసుకున్నోడు సచ్చిండా? తొడుగు, తొడుగు!"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

మే

దురద మొదట నడుము దగ్గర, ప్యాంటు బెల్టు కింద వచ్చింది. తర్వాత ఇంకా కిందికి. ఎండాకాలం కదా, చెమటకాయలనుకున్నాను. పౌడర్ చల్లాను. కొన్నాళ్లకు రూపాయి బిళ్లంత వలయం ఒకటి తేలింది. దాని పక్కన ఇంకొకటి. మనిషి వయసు ఎంతైనా, ఆ చోట దురద పెడితే మొదట వచ్చేది సిగ్గే. ఎవరైనా చూస్తారేమోనని గోకడం ఆపుతాం, ఆపినకొద్దీ ధ్యాసంతా అక్కడే ఉంటుంది. జడ్జి కుర్చీలో కూర్చుని, హీరో తల్లి బోనులో ఏడుస్తుంటే, నేను టేబుల్ కింద రహస్యంగా గోక్కుంటున్నాను.

మేకప్ చేసే ప్రసాదు కనిపెట్టేశాడు. భీమవరం వైపువాడు, హారిక సినిమాకూ మేకప్ అతనే. నాకంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు.

"అయ్యో, దీనికెందుకండీ అంత అవస్థ!" అంటూ పెట్టె అడుగునుంచి ఒక చిన్న ట్యూబ్ తీసిచ్చాడు. "రెండు పూటలు రాయండి, ఎవరో చేత్తో తీసేసినట్టు పోద్ది. మా యూనిట్లో అందరం ఇదేనండీ. దురదకీ ఇదే, మొటిమకీ ఇదే, మొహం మీద గ్లోకీ ఇదే."

నిజంగానే పోయింది. రాసిన మర్నాటికి దురద లేదు, ఎరుపు లేదు. ప్రసాదుకు మనసులోనే దండం పెట్టుకున్నాను. రాయడం ఆపాక వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఈసారి గుండ్రంగా లేదు. అంచు చెదిరిపోయి, తొడ మీద పటంలో దేశాల్లాగా పాకింది. మందుల షాపుకు వెళ్లి ఖాళీ ట్యూబ్ చూపించాను.

"మళ్లీ వచ్చిందా సార్? దీంట్లోనే పెద్ద ట్యూబ్ ఉంది, ఇవ్వమంటారా?" అన్నాడు. డాక్టర్ చీటీ అడగలేదు. ఎక్కడ రాస్తున్నానని అడగలేదు. దగ్గు బిళ్ల ఇచ్చినంత తేలిగ్గా కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఎవరు చెప్పినా ఇంకొకరిని అడగకుండా ఒక వాక్యం అచ్చుకు పంపలేదు. నా ఒంటి విషయంలో ఎవరినీ అడగలేకపోయాను. ఆ సిగ్గును నమ్ముకునే ఆ ట్యూబులు అమ్ముడుపోతున్నాయని ఇప్పుడు నాకు బాగా తెలుసు.

జూన్, జూలై

వానలు మొదలయ్యాయి. మా ఇంట్లో ఒక విచిత్రమైన కాలం మొదలైంది.

సుగుణ నడుం నొప్పి అని చెప్పి హారిక గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. నా సంగతి పసిగట్టి అసహ్యించుకుంటోందని అనుకున్నాను. అడగడానికి నోరు రాలేదు. హారిక బాత్‌రూమ్‌లోకి వెళ్తే ఒక పట్టాన బయటికి రాదు. వాషింగ్ మెషీన్ నిండడం లేదు. ఎవరి లోబట్టలు వాళ్లే చేత్తో ఉతుక్కుంటున్నాం, బాల్కనీలో వేస్తే మరకలు కనిపిస్తాయని బాత్‌రూమ్ తలుపు వెనక ఆరేస్తున్నాం. ఆ చెమ్మలో అవి ఆరవు. ఆరనివే కట్టుకుంటున్నాం. ఫంగస్‌కు ఇంతకంటే మర్యాద ఏ ఇంట్లోనూ దొరికి ఉండదు.

సుగుణ అంత సులువుగా అరిచే మనిషి కాదు. ఒక రోజు టవల్ గురించి అరిచింది.

"నా టవల్ ఎవరూ ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ?"

"తుడుచుకుంటే అరిగిపోతుందా?"

"అరిగిపోతుంది. మీది మీరు వాడుకోండి."

ఆ మాటకు నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. నా దగ్గర్నుంచి తనకు రాకూడదని అరిచిందని నేను అనుకున్నాను. తన దగ్గర్నుంచి నాకు రాకూడదని అరిచిందట.

జూన్‌లో హారికకు లుక్ టెస్ట్ జరిగింది. పాత్రకు తగ్గట్టు అలంకరించి, కెమెరా ముందు నిలబెట్టి చూస్తారు. ఫోటోల్లో మా పిల్ల మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది. దర్శకుడు మెచ్చుకున్నాడు. "ఏం రాస్తున్నావమ్మా మొహానికి?" అని హీరోయిన్ కూడా అడిగిందట. "ఏం లేదు, మంచినీళ్లు ఎక్కువ తాగుతాను" అని చెప్పిందట మా అమ్మాయి.

ఆగస్టు

శ్రావణమాసం వచ్చిందని ఒక ఆదివారం సుగుణ ఇల్లు దులపడం మొదలుపెట్టింది. నేను పేపర్ చదువుతున్నాను. ఆమె వచ్చి డైనింగ్ టేబుల్ మీద రెండు ట్యూబులు పెట్టింది. రెండూ ఒకటే మందు.

"ఇది మీ షేవింగ్ బ్యాగులో ఉంది. ఇది దాని మేకప్ పెట్టెలో ఉంది" అంది. "ఏంటివి?"

నేను హారిక వైపు చూశాను. హారిక నా వైపు చూసింది.

"అది గ్లో కోసం అమ్మా" అంది హారిక. "దవడ మీద చిన్న మచ్చ వస్తే ప్రసాద్ అన్న ఇచ్చాడు. మచ్చ పోయింది, తెల్లగా కూడా అయ్యాను."

"నీది గ్లో కోసం. బానే ఉంది. మీరెక్కడ రాస్తున్నారండీ?"

"నడుము కింద" అన్నాను, పేపర్ దించకుండా.

"అక్కడ గ్లో ఎవరికి చూపించడానికి?"

హారిక పకాలున నవ్వింది. నాకూ నవ్వాగలేదు. సుగుణ నవ్వలేదు. లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగొచ్చి మూడో ట్యూబ్ తెచ్చి ఆ రెండింటి పక్కన పెట్టింది. అదే రంగు, అదే పేరు.

"నాక్కూడా" అంది. "లంగా బొందు కట్టే చోట. ఎండాకాలం నుంచి."

"నీకెవరిచ్చారు?"

"మా తెలుగు టీచరు. ఆవిడకు వాళ్లాయన ఇచ్చాడట. ఆయనకు ఆఫీసులో ఎవరో ఇచ్చారట."

తర్వాత ఇళ్లలో ఎప్పుడూ జరిగేదే జరిగింది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న పంచాయితీ. "మీ జడ్జి కోటే" అంది సుగుణ. "మీ స్టాఫ్‌రూమే" అన్నాను నేను. గొంతులు లేచాయి. ఎన్నాళ్లుగానో లోపల కుక్కుకున్నదంతా బయటికొచ్చింది. హారిక లేచి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది. పౌడర్, క్రీమ్ ఏమీ లేని మొహం.

"ఇక చాలు ఆపుతారా?" అంది. "నాది తగ్గట్లేదు నాన్నా. ఒక్కరోజు రాయకపోతే ఇలా అవుతోంది."

దవడ నుంచి చెవి దాకా ఎర్రగా కందిపోయి ఉంది. చిన్న చిన్న పొక్కులు, వాటి మధ్య ఇంతకు ముందు లేని నూగు. ఎండలోకి వెళ్తే మండుతోందట. షూటింగ్‌కు నెలన్నా లేదు.

మొదట జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద స్కిన్ క్లినిక్‌కు వెళ్లాం. కౌంటర్ దగ్గర అమ్మాయి "ప్రాబ్లం ఏంటి సార్?" అని అడిగింది. దురద అన్నాను. "ఎలర్జీ అని వేసుకోనా సార్?" అంది దయగా, నా పరువు కాపాడుతున్నట్టు. మెత్తటి సోఫా, కాఫీ. పేరున్నవాళ్లు రావడానికి వెనక వేరే లిఫ్ట్ ఉంది. మేం కూర్చున్నంతసేపూ అది పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది. లోపల హారిక మొహం మీద నాలుగు క్షణాలు లైట్ వేసి చూసి, షూటింగ్ ఎప్పుడో అడిగి, అప్పటికి మెరిసేలా చేస్తామని ఒక ప్యాకేజీ చెప్పారు. వాడుతున్న ట్యూబ్ చూపించమని ఎవరూ అడగలేదు. సుగుణే లేచి నిలబడింది. "పదండి. ఇక్కడ మనకు మెరుపు అమ్ముతారు గానీ మందివ్వరు" అంది.

సుగుణ స్కూల్లో ఎవరో చెబితే వెంగళరావు నగర్‌లో డాక్టర్ గ్రేస్ గారి దగ్గరికి వెళ్లాం. ఇంటి ముందు గదిలోనే క్లినిక్. చెక్క బెంచీలు, గోడకు బైబిల్ వాక్యం రాసిన క్యాలెండర్, తిరగనా వద్దా అన్నట్టు తిరిగే ఫ్యాన్. వెనక లిఫ్ట్ లేదు కాబట్టి ఈ జబ్బు ఎవరికొస్తుందో అక్కడే చూశాను. యూనిఫాంలో కానిస్టేబుల్ ఉన్నాడు. జిమ్ నుంచి నేరుగా వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. మెడలోని బ్యాంకు గుర్తింపు కార్డు జేబులో దాచుకున్న ఒక ఆఫీసరు, పొయ్యి దగ్గర పనిచేసే వంటాయన, ఒళ్లో పసిపిల్లతో ఒక తల్లి, పెళ్లి కుదిరిన ఒక అమ్మాయి, ఆమె పక్కన తలవంచుకుని వాళ్లమ్మ. పేదలకు వస్తుందని, శుభ్రం లేనివాళ్లకు వస్తుందని మనం అనుకుంటాం. చెమట పట్టేవాళ్లందరికీ వస్తుంది. ఈ ఊళ్లో చెమట పట్టనిదెవరికి?

నా పక్కన మోతీనగర్ ఆటో డ్రైవర్ ఒకతను ఒక తొడ మీద నుంచి ఇంకో తొడ మీదికి బరువు మారుస్తూ అడిగాడు. "మీదేంది సార్?"

"ఎలర్జీ" అన్నాను, అలవాటుగా.

"నాది గూడ గదే" అన్నాడు. "ఇంట్ల అందరికీ ఎలర్జీయే. మా అత్తకు గూడ ఎలర్జీయే." ఇద్దరం ఎదురుగా ఉన్న క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాం.

హారిక చున్నీతో సగం మొహం కప్పుకుని కూర్చుంది. టోలిచౌకి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, బురఖాలో ఉన్నావిడ, జరిగి ఫ్యాన్ కింద చోటిచ్చింది.

"ఇటు రా బేటీ, గాలికి కూసో. నాకు గూడ మొహం మీద గిట్లనే మండింది. ఎండల పోకు. నీ చున్నీ పల్చగున్నది, ఇగో నాది కప్పుకో..." అంటూ భుజం మీది దుపట్టా సగం తీసి, ఆగిపోయింది. "హాయ్ అల్లా, వద్దులే. నాది నీకు, నీది నాకు!" అని కిలకిలా నవ్వేసింది. ఆ గదిలో అంతసేపటికి అదే మొదటి నవ్వు. హారిక చున్నీ దించి తనూ నవ్వింది.

డాక్టర్ గ్రేస్ గారు మొదట అడిగింది ట్యూబ్. మూడూ టేబుల్ మీద పెట్టాం. ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. చర్మం మీద పొట్టు కొంచెం గీకి, అద్దం ముక్క మీద వేసి, లోపల మైక్రోస్కోపులో చూసి వచ్చారు.

"తామర. ముగ్గురికీ."

"ఎక్కణ్నుంచి వచ్చి ఉంటుందండీ?" అంది సుగుణ, నన్ను చూస్తూ.

"కోటు కావచ్చు, టవల్ కావచ్చు, పడుకునే దుప్పటి కావచ్చు. నేను చెప్పలేను. రోజూ నేను ఎక్కువగా చూసేది ఇదే. అది ఎవరిచ్చారన్నది వదిలేయండి. ఇది ఎవరిచ్చారు?" ఆవిడ వేలు ట్యూబ్ మీద ఉంది. "ఇందులో స్టెరాయిడ్ ఉంది. అది దురద నోరు మూయిస్తుంది. మీకు తగ్గిందనిపిస్తుంది. కాపలావాడికి నిద్రమందు పెట్టి దొంగకు తలుపు తీసినట్టు. మామూలు తామర అయితే నేను చూడగానే చెప్తాను. దీన్ని మీరు గుర్తుపట్టలేనట్టు చేసి తెచ్చారు."

హారిక తలెత్తింది. "మేడమ్, నాకు సెప్టెంబర్‌లో షూటింగ్ ఉంది. ఫస్ట్ సినిమా."

ఆవిడ హారిక వైపు కుర్చీ తిప్పారు. "ఇది ఆపితే నీ మొహం ముందు ఇంకా పాడవుతుందమ్మా. ఎర్రబడుతుంది, మండుతుంది, పొక్కులొస్తాయి. కొన్ని వారాలు పడుతుంది. మేకప్ వేయకూడదు. ఆపకుండా రాస్తూ పోతే షూటింగ్ దాకా బానే కనిపిస్తావు. ఆ తర్వాత ఏ మొహంతో నా దగ్గరికొస్తావో నేను చెప్పలేను."

ఇంటికొచ్చాక సుగుణ అంది. "షూటింగ్ అయ్యేదాకా రాసుకోనివ్వండి. తర్వాత వైద్యం చేయిద్దాం. మూడేళ్లు తిరిగిందండీ అది." నేను వద్దన్నాను. మా ఇద్దరి వాదన మధ్యలో హారిక వంటింట్లోకి వెళ్లింది. మూడు ట్యూబులూ ఒక్కొక్కటే మూత తీసి, చివరి దాకా సింకులోకి పిండి, నీళ్లు వదిలింది.

"అమ్మా, ఇంకో సినిమా వస్తే ఇంకో మొహం తెచ్చుకోలేను కదా" అంది.

సెప్టెంబర్

డాక్టర్ చెప్పినట్టే జరిగింది. మొదటి వారం గడిచేసరికి మా పిల్ల మొహం వాచిపోయింది. ఒక ఉదయం ఫోన్ మొహం ముందు పెట్టుకుంటే తెరుచుకోలేదు. మళ్లీ పెట్టింది. మళ్లీ తెరుచుకోలేదు. "నాన్నా, ఇది నన్ను గుర్తుపట్టట్లేదు" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. సుగుణ పక్కన కూర్చుని, చల్లటి నీళ్లలో ముంచిన పలచటి బట్ట ఆ చెంప మీద వేస్తూ ఉండిపోయింది. ఒకసారి వేసిన బట్ట మళ్లీ వేయకుండా ఉతకడానికి పక్కన పెట్టింది.

ఇంట్లో దాపరికం పోయింది. ముగ్గురం ఒకేసారి మాత్రలు వేసుకున్నాం. ఎవరి టవల్ వాళ్లకు, పేరు కుట్టి మరీ ఇచ్చింది సుగుణ. బట్టలు బాల్కనీలో, ఎండలో, ఊరంతా చూసేలా ఆరేశాం. ఎండ లేని రోజు ఇస్త్రీ చేశాం. మచ్చ పోయినట్టు కనిపించాక కూడా డాక్టర్ ఆపమనేదాకా పూతమందు రాశాం. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఈ అవస్థలో ఉంటే ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. పోయినట్టు కనిపించడం వేరు, పోవడం వేరు.

ఆ రోజుల్లోనే ప్రసాదును పట్టుకుని కడిగేద్దామని వెళ్లాను. ఇద్దరు మనుషులం మధ్యాహ్నం ఎండలో మేకప్ వ్యాను పక్కన నిలబడ్డాం. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. అతను అడ్డు రాలేదు. చివరికి షర్టు చేయి పైకి మడిచి చూపించాడు. మోచేయి దాకా అదే, నా తొడ మీదలాంటి పటం. "నేనూ అదే రాస్తున్నానండీ. నాకెవరు చెప్పారని?" అన్నాడు. నా కోపం తగలడానికి అక్కడ చోటు లేకపోయింది. మల్లేశ్‌ను కోటు గురించి అడిగాను. "అది ఇంకో పిక్చర్‌కు పోయింది సార్" అన్నాడు. "గిప్పుడు దాంట్ల ఇంకో జడ్జి కూసున్నడు." దోభీకి వేశారా అని అడిగితే తల గోక్కున్నాడు.

ప్రసాదు మీద కాదు నా కోపం, మల్లేశ్ మీదా కాదు. చీటీ లేకుండా చేతిలో పెట్టే షాపుల మీద, అలా అమ్ముకోవడానికే ఆ మందు తయారుచేసేవాళ్ల మీద. తెర మీద మరక మారకూడదని అంత జాగ్రత్త పడి, ఆ మరక కింద మనిషి చర్మం ఏమైందో ఒక్కసారి చూడని ఈ పరిశ్రమ మీద. నేను అన్నేళ్లు దాని మెరుపు గురించే రాశాను. ఇది కూడా దాని గురించే రాస్తున్నాను.

షూటింగ్ దగ్గరపడుతుండగా సినిమా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. మా ఇంటికి రెండు వీధుల అవతలే. అప్పటికి హారికకు వాపు తగ్గింది, ఎరుపు ఇంకా పోలేదు. తన సన్నివేశాలు మూడు వారాలు వెనక్కి జరపమని అడుగుదామని వెళ్తోంది. నన్ను కూడా రమ్మంది. "మాట్లాడొద్దు నాన్నా, పక్కన కూర్చోండి చాలు" అంది. జడ్జి వేషమే మళ్లీ.

కారిడార్‌లో ఆడిషన్‌కు వచ్చినవాళ్లు గోడవారగా కూర్చుని ఉన్నారు. లోపల కో-డైరెక్టర్ శ్రీకాంత్. ఏప్రిల్‌లో మా అమ్మాయిని ఎంపిక చేసింది ఇతనే. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు.

"పర్సనల్‌గా తీసుకోకమ్మా హారికా" అన్నాడు. "ఏదో ఎలర్జీ అని తెలిసింది. హీరో గారి పక్కన నిలబడే షాట్స్ చాలా ఉన్నాయి. ఆయనకేమైనా అంటుకుంటే, మనం అందరం..."

"ఎలర్జీ అంటుకోదు కదండీ" అంది హారిక.

"అంటే... ఎలర్జీ అంటే... నీకు తెలుసుగా అమ్మా."

"మూడు వారాలు ఆగండి. డాక్టర్ లెటర్ ఇస్తారు."

"డేట్స్ అమ్మా. నా చేతుల్లో లేదు. వేరే అమ్మాయిని అనుకున్నారు. రేపు లుక్ టెస్ట్." మాట్లాడుతున్నంతసేపూ అతని ఎడమచేయి ఊరుకోవడం లేదు. పెన్ను మూతతో బెల్టు కింద నెమ్మదిగా, అలవాటుపడిన చేత్తో రుద్దుకుంటున్నాడు. హారిక చూసింది. నేనూ చూశాను. మా ఇంట్లో ముగ్గురం అందులో ఆరితేరినవాళ్లం.

"ఆ అమ్మాయికి మేకప్ ఎవరండీ?" అని అడిగింది.

"ప్రసాదే."

"అయితే గ్లో కోసం ఎవరేం ట్యూబ్ ఇచ్చినా తీసుకోవద్దని ఆ అమ్మాయికి చెప్పండి. నేను చెప్పానని చెప్పండి." లేచింది. నేను నోరు విప్పి ఉంటే ఇంత బాగా మాట్లాడి ఉండేవాణ్ని కాదు.

మెట్ల దాకా వచ్చాం. వెనక చెప్పుల చప్పుడు. శ్రీకాంత్.

"అమ్మా, ఒక్క నిమిషం. ఆ డాక్టర్ ఎవరో... పేరు చెప్తావా?"

నాకు రక్తం తలకెక్కింది. ఏమనబోయానో నాకే తెలియదు. హారిక చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్తాను. ముందు మీరు చెప్పండి సార్."

"నేనా? ఏం చెప్పాలి?"

"మీకున్నదాని పేరు."

అతను వెనక్కి చూశాడు. గోడవారగా కూర్చున్నవాళ్లంతా ఇటే చూస్తున్నారు. "ఎలర్జీ" అన్నాడు మెల్లగా.

"ఎలర్జీ అయితే నాకు తెలిసిన డాక్టర్ లేరండీ."

"తామర" అన్నాడు గొంతులోనే.

"వినపడలేదు. ఆడిషన్‌లో మీరే కదా చెప్పారు, చివరి వరసకి వినపడాలని."

అతని మొహం కందిపోయింది. ఒక క్షణం వెనక్కి వెళ్లిపోతాడనుకున్నాను. బెల్టు దగ్గరున్న చెయ్యి అతన్ని వెళ్లనివ్వలేదు.

"తామర!" అన్నాడు.

కారిడార్‌లో ఎవరూ నవ్వలేదు. వెంగళరావు నగర్ బెంచీల మీద పేరు పిలిచినప్పుడు లేచినట్టు ఇక్కడా తలలు లేచాయి, ఒకటి కాదు, చాలా. టీ గ్లాసులు పట్టుకెళ్తున్న ఆఫీసాయన ఆగిపోయాడు. గోడవారగా కూర్చున్న ఒక అమ్మాయి దవడ మీద చున్నీ సర్దుకుంటూ బ్యాగులోంచి ఫోన్ తీసింది.

హారిక మెట్ల మీద నుంచే, చివరి వరసకి వినపడేలా చెప్పింది.

"డాక్టర్ గ్రేస్. వెంగళరావు నగర్. సాయంత్రం పూట ఉంటారు. మీరు రాసుకునే ట్యూబ్ పట్టుకెళ్లండి. ఆవిడ ముందు అదే అడుగుతారు."